జూలై బదిలీలు

మెరైనర్స్ అభిమానికి ఏప్రిల్‌లో ఏ బాధా ఉండదు. సియాటెల్‌లో అప్పటికింకా వానలు తగ్గవు, జట్టుకింకా బద్ధకం వదలదు. వరసగా నాలుగు ఆటలు పోయినా, మొత్తం 162 ఆటల సీజన్ కాబట్టి, ‘ఇంకా బోలెడుంది లే’ అనుకుని పడుకోవచ్చు. సెప్టెంబరు చివర్లోనూ పెద్ద బాధ ఉండదు. అప్పటికి జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది. ప్రాణాలు తోడేసేది జూలై. రాత్రి తొమ్మిదైనా వెలుతురు పోదు. పట్టికలో మన జట్టు మూడాటలో ఐదాటలో వెనక నిలబడి ఊరిస్తూ ఉంటుంది. టీవీలో ఎవరో ఒకాయన టై సర్దుకుంటూ ‘అవకాశం ఉంది’ అంటాడు. ఆ ముక్క విన్నాక ఇంట్లో దోసె మాడిపోతున్నా మనకి వాసన తెలీదు.

అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో 30 జట్లున్నాయి. వాటిలో 29 జట్లు ఎప్పుడో ఒకప్పుడు వరల్డ్ సిరీస్ ఆడాయి. 1977లో పుట్టిన సియాటెల్ మెరైనర్స్ మాత్రం ఆ గుమ్మం తొక్కలేదు. 2001లో ఏకంగా 116 ఆటలు గెలిచి, 1906 నాటి చికాగో కబ్స్ రికార్డుని అందుకుని, తీరా ప్లేఆఫ్స్‌లో యాంకీస్ చేతిలో 4-1తో చతికిలబడ్డారు. ఆ దెబ్బకి మళ్లీ ప్లేఆఫ్స్ మొహం చూసింది 2022లో. ఇలాంటి జట్టుని సియాటెల్ శివారు బాతెల్‌లో ఉండే తెలుగువాడు పట్టించుకోవడమెందుకని మీరడగొచ్చు. మా ఆవిడ రోజూ అడుగుతుంది. రెడ్మండ్, బెల్వ్యూ, సమామిష్‌లలో మనవాళ్లకి క్రికెట్ కావాలంటే సియాటెల్ ఓర్కాస్ ఉంది, అందులో సత్య నాదెళ్ల పెట్టుబడి కూడా ఉంది. కానీ ఓర్కాస్ సీజన్ కళ్లు మూసి తెరిచేలోగా అయిపోతుంది. దాదాపు ప్రతి సాయంత్రం ఇంటికొచ్చి ఏడిపించే ఓపిక బేస్‌బాల్‌కే ఉంది.

ఈ ఆటలో జూలై నెలకున్న విశేషమేమిటో నాకు సరిగ్గా బోధపరిచినవారు మా మామయ్యగారు. తెనాలి మనిషి. రెవెన్యూ శాఖలో పనిచేసి డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యారు. బేస్‌బాల్ అంటే ఆయనకి మొదట్లో బొత్తిగా తెలీదు. బంతి గాల్లోకి లేస్తే పరుగో, అవుటో చివరిదాకా చెప్పలేకపోయేవారు. అయితే ఆట మధ్యలో కింద పాకే వార్తల పట్టీ చూసి, ఒకరోజు సోఫాలో నిటారుగా కూర్చున్నారు.

“అల్లుడుగారూ, ఈ కుర్రాణ్ని టకోమా పంపారంటున్నారు. టకోమా అంటే?”

చెప్పాను. జట్టులో చురుగ్గా ఆడేది 26 మంది. మొత్తం జాబితా 40. ఆ మిగిలినవాళ్లలో చాలామంది టకోమాలో రెయినియర్స్ అనే కింది జట్టుకి ఆడుతుంటారు. ఇక్కడ బ్యాటు ఆడనివాణ్ని అక్కడికి పంపి, అక్కడ ఆడుతున్నవాణ్ని ఇక్కడికి రప్పిస్తారు.

“ఎంత దూరం?”

“యాభై కిలోమీటర్లు ఉంటుందండీ.”

“అంతేనా! అప్ అండ్ డౌన్ చేసుకోవచ్చు కదా” అన్నారు ఆయన, ఆ కుర్రాడి మీద ఉన్న జాలి అంతా వెనక్కి తీసుకుంటూ.

ఆరోజు నుంచి ఆయనకి ఆట అర్థం కావడం మొదలైంది. ఒక ఆటగాణ్ని మూడు సీజన్లకి మించి ఇలా పైకీ కిందకీ తిప్పడానికి వీల్లేదన్నాను. “మంచి రూలే” అన్నారు. దెబ్బ తగిలినవాణ్ని బ్యాటరైతే కనీసం 10 రోజులు, పిచర్ అయితే 15 రోజులు పక్కన పెడతారన్నాను. “మెడికల్ లీవు. సర్టిఫికెట్ ఎవరిస్తారు?” అన్నారు. టీమ్ డాక్టరే అంటే ముసిముసిగా నవ్వారు. డీఎఫ్‌ఏ అనే ప్రక్రియ ఉంది. ఒకణ్ని 40 మంది జాబితాలోంచి తీసేస్తారు, వారం రోజుల్లోగా ఇంకో జట్టుకివ్వడమో, వేవర్స్‌లో పెట్టడమో, ఇంటికి పంపడమో తేల్చాలి. దీన్ని నేను పావుగంట వివరించబోతే ఆయన చెయ్యెత్తి ఆపేశారు. “తెలిసిందిలెండి. వీఆర్‌లో పెట్టారు.” వేకెన్సీ రిజర్వులో పోస్టింగు లేకుండా ఎదురుచూసే పోలీసు సీఐ ముఖం, డీఎఫ్‌ఏ అయిన ఎడమచేతి రిలీఫ్ పిచర్ ముఖం ఒకటేనని నాకూ అప్పుడే తట్టింది.

అన్నిటికన్నా ఆయన మనసు దోచుకుంది ‘పది-అయిదు’ హక్కు. మేజర్ లీగ్‌లో పదేళ్ల సర్వీసు పూర్తయి, అందులో ఆఖరి అయిదేళ్లూ ఒకే జట్టులో ఉంటే, తను ఒప్పుకోకుండా ఆ ఆటగాణ్ని ఎవరూ కదపలేరు. ఇది విన్నరోజు మామయ్యగారు భోజనం దగ్గర కూడా మాట్లాడలేదు. చాలాసేపటికి మజ్జిగ కలుపుకుంటూ “యూనియన్ అంటే అదీ” అన్నారు.

ట్రేడ్ డెడ్‌లైన్ గురించి చెప్పాల్సిన పనే లేకపోయింది. 2025లో అది జూలై 31, మా టైము మధ్యాహ్నం మూడింటికి. ఆ తర్వాత మేజర్ లీగ్ ఒప్పందంలో ఉన్న ఆటగాళ్లని జట్లు ఇచ్చిపుచ్చుకోకూడదు. “బదిలీల మీద నిషేధం అన్నమాట” అని ఆయన తన రూళ్ల నోటుబుక్కులో ఎర్ర సిరాతో రాసుకున్నారు. తెనాలి నుంచి ఆవకాయ జాడీలతోపాటు ఆ పుస్తకమెందుకు తెచ్చుకున్నారో నాకు అంతవరకు తెలీదు. ఎడమవైపు పేజీలో ‘వచ్చినవారు’, కుడివైపు ‘పోయినవారు’, చివర ‘రిమార్కులు’. రిమార్కుల గడిలో ఆయన రాతే వేరు. ఒక పిచర్ పేరుకెదురుగా ‘వాక్స్ ఎక్కువ. నమ్మరాదు’ అని ఉండేది. పెద్ద జీతాలు తీసుకునే టీవీ విశ్లేషకులు చెప్పేదీ అదే, కాకపోతే వాళ్లకి అరగంట పడుతుంది.

ఈ జట్టుకి జూలై బదిలీల చరిత్ర చూస్తే కడుపు తరుక్కుపోతుంది. 1997 జూలై 31న జరిగింది వినండి. కెన్ గ్రిఫీ జూనియర్ ఆ ఏడాది 56 హోమ్ రన్‌లు కొట్టాడు. జట్టులో లోపమల్లా చివరి ఇన్నింగ్స్‌లో బంతి వేసేవాడు లేకపోవడమే. ఆ కంగారులో హీత్‌క్లిఫ్ స్లోకమ్ అనే పిచర్ కోసం బాస్టన్‌కి ఇద్దరు కుర్రాళ్లనిచ్చారు. వాళ్ల పేర్లు డెరెక్ లో, జేసన్ వారిటెక్. ఆ ఇద్దరూ ఉన్న బాస్టన్ జట్టు 2004లో, 86 ఏళ్ల తర్వాత, వరల్డ్ సిరీస్ గెలిచింది. ఆ అక్టోబరులో మూడు సిరీస్‌ల చివరి ఆటల్లోనూ గెలిచిన పిచర్‌గా డెరెక్ లో పేరే నమోదైంది.

అంతకు ముందేడాది ఇంకో ఘనకార్యం. అప్పట్లో ఆగస్టులోనూ వీలుండేది కాబట్టి, 1996 ఆగస్టు చివర మినసోటా నుంచి డేవ్ హోలిన్స్‌ని తెచ్చుకున్నారు. బదులుగా ఎవరినిస్తారంటే ‘పేరు తర్వాత చెబుతాం’ అన్నారు. ఈ ఆటలో అలా చెప్పొచ్చు, కాగితం మీదే రాసుకోవచ్చు. హోలిన్స్ ఒక నెల ఆడాడు, ప్లేఆఫ్స్ రాలేదు, వేరే జట్టుకి వెళ్లిపోయాడు. తర్వాత చెప్పిన పేరు డేవిడ్ ఆరియాస్. ఆ కుర్రాడే దరిమిలా డేవిడ్ ఆర్టీజ్ అని పిలిపించుకుని, 541 హోమ్ రన్‌లు కొట్టి, 2022లో హాల్ ఆఫ్ ఫేమ్‌కెక్కాడు. పేరు తెలీనివాడని ఇచ్చేశాం, ఇప్పుడు దేశమంతా వాడి పేరు జపిస్తోంది.

న్యాయంగా చెప్పాలంటే మనమూ ఒకసారి యాంకీస్‌ని ముంచాం. 1988 జూలైలో కెన్ ఫెల్ప్స్‌ని వాళ్లకి అంటగట్టి జే బ్యూనర్‌ని తెచ్చుకున్నాం. బ్యూనర్ 2001 దాకా ఇక్కడే ఆడాడు. ఈ ఒక్క ముక్కా పట్టుకుని మెరైనర్స్ అభిమానులు దశాబ్దాలుగా తలెత్తుకు తిరుగుతున్నారు.

మెరైనర్స్‌లో ఈ బదిలీల శాఖకి ఇప్పటి కమిషనర్ లాంటివాడు జెరీ డిపోటో. ఇచ్చిపుచ్చుకోవడమంటే ఆయనకి ప్రాణం. అతిశయోక్తి కాదు. 2018 డిసెంబరులో లాస్ వేగాస్‌లో ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టి ఆసుపత్రిలో చేరి, అదే మంచం మీద నుంచి మూడు జట్ల మధ్య ఒక ట్రేడ్ పూర్తిచేశాడు. 2021 జూలై 26న హ్యూస్టన్ మీద ఏడు పరుగులు వెనకబడి, డిలన్ మూర్ గ్రాండ్ స్లామ్‌తో 11-8తో గెలిచి జట్టంతా ఊగిపోతుంటే, మర్నాడు అదే హ్యూస్టన్‌కి తమ నమ్మకమైన రిలీఫ్ పిచర్ కెండల్ గ్రేవ్‌మన్‌ని ఇచ్చేశాడు. వచ్చినవాడు అబ్రహమ్ టోరో. టోరో ముందురోజు మన మీద హోమ్ రన్ కొట్టాడు, మర్నాడు మన చొక్కా వేసుకుని హ్యూస్టన్ మీద కొట్టాడు. జట్టులో మిగతావాళ్లకి మాత్రం కళ్లు చెమ్మగిల్లాయి, కొందరికి ఎర్రబడ్డాయి. ఆ ఏడాది 90 ఆటలు గెలిచి రెండాటల తేడాతో ప్లేఆఫ్స్ పోగొట్టుకున్నారు.

2023లో 88 గెలిచారు. ఒక్క ఆట తేడాతో పోయింది. సీజన్ ముగిశాక డిపోటో విలేకరుల ముందు కూర్చుని, పదేళ్లపాటు ఏటా 54 శాతం ఆటలు గెలిస్తే వరల్డ్ సిరీస్ దానంతటదే వస్తుందన్న అర్థంలో లెక్క చెప్పాడు. ఊరు ఊరంతా భగ్గుమంది, తర్వాత ఆయన క్షమాపణ చెప్పుకున్నాడు. నాకు కోపం వచ్చింది ఆయన లెక్క తప్పని కాదు. 162లో 88 అంటే దాదాపు 54 శాతమే. ఆ 54 శాతం తెచ్చుకునే ఇంట్లో కూర్చున్నాం. లెక్క ప్రకారం అంతా సవ్యంగా ఉండి, కంచంలో అన్నం లేకపోతే మనిషికి వచ్చే కోపమది.

మామయ్యగారు మొదటిసారి మా దగ్గరికి వచ్చింది 2024 జూన్‌లో. విమానం దిగేసరికి మెరైనర్స్ హ్యూస్టన్ కంటే 10 ఆటలు ముందున్నారు. జూన్ 18 నాటి మాట. “ఇంక చూడ్డానికేముంది, అయిపోయిందిగా” అన్నారు ఆయన సూట్‌కేసు తెరుస్తూ. 24 ఆటలు తిరిగేసరికి ఆ పదీ హారతి కర్పూరమైపోయాయి. అంత వేగంగా అంత ఆధిక్యం పోగొట్టుకున్న జట్టు అంతకు ముందు లేదట. “నాన్నా, నువ్వొచ్చే టైముకి ఎంత బాగుండేదో” అని మా ఆవిడ ఆ నెలంతా ఆయన్ని ఆటపట్టించింది. జట్టు పెద్దలు జూలై చివర రాండీ అరోజరేనాని, జస్టిన్ టర్నర్‌ని తెచ్చారు. ఆగస్టు 22న మేనేజర్ స్కాట్ సర్వీస్‌ని తీసేశారు. తన ఉద్యోగం పోయిందన్న సంగతి ఆయన వార్తల్లో చూసి తెలుసుకోవాల్సి వచ్చింది. మామయ్యగారికి ఇది అస్సలు రుచించలేదు. “ఎంత కోపమున్నా ముందు ఆర్డరు చేతికివ్వాలండీ. అక్‌నాలెడ్జ్‌మెంటు తీసుకోవాలి.” ఆయన స్థానంలోకి పాత క్యాచర్ డాన్ విల్సన్ వచ్చాడు. 85 గెలిచి, మళ్లీ ఒక్క ఆట తేడాతో పోయారు.

కుర్రాళ్ల విషయంలో ఎవరిని ఉంచాలి, ఎవరిని టకోమా పంపాలి అన్నది దేవుడికైనా తెలుస్తుందా అని నా అనుమానం. జారెడ్ కెలెనిక్ మీద ఊరంతా ఆశలు పెట్టుకుంది. 2021లో వరసగా 39 సార్లు హిట్ లేక టకోమా పోయాడు. 2023లో కాస్త కుదురుకున్నాడనుకుంటే, జూలైలో స్ట్రైకవుట్ అయిన కోపంలో నీళ్ల కూలర్‌ని ఒక్క తన్ను తన్ని సొంత పాదం విరగ్గొట్టుకున్నాడు. మర్నాడు కన్నీళ్లతో క్షమాపణ చెప్పాడు. డిసెంబరులో అట్లాంటాకి పోయాడు. ఇటు కాల్ రాలీ అనే క్యాచర్‌ని 2022 ఏప్రిల్ చివర బ్యాటు ఆడటం లేదని టకోమా పంపారు. ఇంకో క్యాచర్ భుజానికి దెబ్బ తగిలి గతిలేక కొద్దిరోజులకే వెనక్కి పిలిచారు. ఆ సెప్టెంబరు 30న అతనే తొమ్మిదో ఇన్నింగ్స్ చివర హోమ్ రన్ కొట్టి, 2001 తర్వాత తొలిసారి ప్లేఆఫ్స్‌లోకి దాటించాడు. 2025లో 60 కొట్టాడు. క్యాచర్ ఎవరూ అన్ని కొట్టలేదు. వెనకభాగం ఘనంగా ఉంటుందని అతనికి ‘బిగ్ డంపర్’ అని పేరు పెట్టింది కెలెనిక్. ఈ జట్టుకి కెలెనిక్ మిగిల్చిన శాశ్వత ఆస్తి ఆ పేరే. రాలీ ఆ జూలైలో హోమ్ రన్ డెర్బీ గెలిచినప్పుడు బంతులు వేసింది తండ్రి, మనం వికెట్ కీపర్‌ని నిలబెట్టే చోట కూర్చుంది తమ్ముడు. “ఇదేదో మన వైపు పార్టీలా ఉందే” అన్నారు మామయ్యగారు.

2025 ఆల్‌స్టార్ విరామానికి మెరైనర్స్ హ్యూస్టన్ కంటే 5 ఆటలు వెనక. మామయ్యగారినీ అత్తయ్యగారినీ టి-మొబైల్ పార్కుకి తీసుకెళ్లాను. అక్కడ బయటి తిండి లోపలికి రానిస్తారు, సంచి మాత్రం పారదర్శకంగా ఉండాలి. అత్తయ్యగారు జిప్ కవర్లలో ఒక్కొక్కరికీ పులిహోర కట్టారు. గేటు దగ్గర సెక్యూరిటీ అమ్మాయి కవరు పైకెత్తి దీపానికి పట్టి చూసింది. పోపులో మాడిన ఎండుమిరపకాయ ఒకటి కవరుకి అతుక్కుని ఉంది. దాన్ని వేలితో నొక్కి చూసి, “ఇదేంటి?” అంది. అత్తయ్యగారు ధైర్యంగా “చిల్లీ. యూ టేక్” అన్నారు. ఆ అమ్మాయి తీసుకోలేదు, కానీ మమ్మల్ని వదిలేసింది. లోపల వేయించిన మిడతలు అమ్ముతారు. 2017లో మొదలుపెట్టినప్పుడు జట్టు పాత ఆటగాడు ఎడ్గర్ మార్టినెజ్ బ్యాటింగ్ సగటు .312 గౌరవార్థం ఆటకి 312 పొట్లాలే అని పరిమితి పెట్టారు. అత్తయ్యగారు ఆ కౌంటరు దాటేవరకు పమిట ముక్కుకి అడ్డం పెట్టుకునే నడిచారు.

ఆట మధ్యలో సాల్మన్ చేపల వేషాలతో పరుగు పందెం పెడతారు. నాలుగు చేపల్లో హంపీ అనేది ఆ సీజనంతా ఓడిపోతూనే వచ్చింది. మామయ్యగారు అక్కడికక్కడే దాని పక్షం చేరిపోయారు. “ఈ జట్టు మనస్తత్వం మొత్తం ఆ చేపలో ఉంది” అన్నారు.

జూలై 24న అరిజోనా నుంచి జాష్ నేలర్ వచ్చాడు. లీగ్‌లో అందరికన్నా నెమ్మదిగా పరిగెత్తేవాళ్లలో ఒకడు, అయినా ఇక్కడికొచ్చాక 19 బేస్‌లు దొంగిలించి ఒక్కసారీ దొరకలేదు. మామయ్యగారి రిమార్కు: ‘నిదానస్తుడు. అనుమానం రాదు.’ 30 రాత్రి అదే అరిజోనా నుంచి యుహేనియో సువారెజ్. ఇతను 2022, 2023లలో మన దగ్గరే ఆడినవాడు, అతణ్ని అరిజోనాకి పంపేసింది కూడా మనమే. “సొంత జిల్లాకి తిరిగొచ్చాడు. సిఫార్సు గట్టిదే” అని నోటుబుక్కు మూశారు. 31 మధ్యాహ్నం మూడింటికి నేను ఆఫీసు మీటింగ్‌లో కెమెరా ఆపేసి ఫోను చూస్తుంటే, ఇంటి నుంచి మెసేజ్: “నిషేధం అమల్లోకి వచ్చింది.”

సెప్టెంబరులో ఆయన తెనాలి వెళ్లిపోయారు. జట్టు 90 గెలిచి 2001 తర్వాత తొలిసారి డివిజన్ గెలిచింది. ప్లేఆఫ్స్‌లో అక్టోబరు 10న డెట్రాయిట్‌తో అయిదో ఆట 15 ఇన్నింగ్స్ సాగింది. ఆ రాత్రే హంపీ గెలిచింది. మన బ్యాటర్ పొలాంకో హిట్‌తో మనమూ గెలిచాం. తర్వాతి సిరీస్‌లో టొరాంటో మీద అయిదో ఆటలో సువారెజ్ గ్రాండ్ స్లామ్ కొట్టినప్పుడు మా ఇంటి పక్క కెనడా వాళ్లు తలుపులేసుకున్నారు. ఇంకొక్క ఆట చాలు, వరల్డ్ సిరీస్.

ఆరో ఆట పోయింది. ఏడోది దీపావళినాడు పడింది. ఇంట్లో లక్ష్మీపూజ, టీవీ మీద శబ్దం లేదు. ఏడో ఇన్నింగ్స్ దాకా 3-1తో మనమే ముందు. టొరాంటో వాళ్లిద్దరు బేస్‌ల మీదున్నారు, బ్యాటింగ్‌కి వచ్చినవాడు జార్జ్ స్ప్రింగర్. డాన్ విల్సన్ బుల్‌పెన్ నుంచి పిలిచింది ఎడ్వర్డ్ బజార్డోని. జట్టులోకెల్లా గట్టివాడైన ఆండ్రెస్ మున్యోజ్‌ని కాదు. స్ప్రింగర్ హోమ్ రన్ కొట్టాడు. 4-3. తెనాలిలో అప్పటికి తెల్లవారింది. ఫోను మోగింది. హలో కూడా లేదు.

“సీనియర్ని కూర్చోబెట్టి జూనియర్‌కి ఛార్జి ఇచ్చారేంటండీ?”

నా తీర్పూ అదే. జూలైలో తెచ్చుకున్నవాళ్లు తమ పని చేశారు. నేలర్, సువారెజ్ లేకపోతే అక్టోబరు చివరిదాకా వెళ్లేవాళ్లం కాదు. డిపోటో బదిలీలు ఆ ఏడాది తప్పుపట్టేవి కావు. పోయింది ఒక్క పోస్టింగు దగ్గర, అదీ ఏడో ఇన్నింగ్స్‌లో.

ఇక చదువుతున్నవారికి ఒక మనవి. వేసవిలో అమ్మానాన్నలో అత్తమామలో సియాటెల్ వస్తుంటే తప్పకుండా ఆటకి తీసుకెళ్లండి. పైమెట్ల సీట్లు చవక. జూలైలో కూడా ఎనిమిది దాటితే చలేస్తుంది, శాలువా పట్టుకెళ్లండి. వచ్చినవారిలో రిటైర్డ్ ప్రభుత్వోద్యోగి ఎవరైనా ఉంటే పాయింట్ల పట్టిక మాత్రం చూపించకండి. చూపిస్తే ఆ చలికాలమంతా తెల్లవారుజామున ఫోనెత్తాల్సింది మీరే.